అనసూర్య చదువు, బాపు కొలువు

కొత్తవాడ, వరంగల్,
12 సెప్టెంబరు 2024.

అన్నకు,

నీకు, వదినకు అనసూర్య దండాలు. ఉత్తరం చూసి గాబరా పడకండి, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. పోస్టుమాన్ నీ పేరు పిలవగానే మీ చాల్‌లోని పది గదులవాళ్లూ బయటికొచ్చి నిలబడతారని తెలుసు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటంటావా? మొదటి కారణం నీ చెవులు. భివండీలో బట్ట నేసే కరెంటు సాంచాల మోతలో ఇరవై మూడేళ్లు నిలబడ్డ చెవులకు ఫోను ఎక్కడం లేదు. మొన్న నేను వదిన మోకాళ్ల నొప్పి గురించి అడిగితే "ఆఁ ఆఁ, నేను మంచిగనే ఉన్న, నువ్వు ఫికర్ చెయ్యకు" అని పెట్టేశావు. రెండో కారణం నా చెయ్యి. నలభై అయిదో ఏట యూనివర్సిటీలో ఎం.ఏ.లో చేరాను అన్నా. భాషాశాస్త్రం. పరీక్షంటే మూడు గంటలు ఆపకుండా రాయాలి. డిగ్రీ పరీక్షలు రాసి పదేళ్లయింది. అప్పటి నుంచి ఈ చెయ్యి టికెట్ మిషన్ మీటలు నొక్కిందే తప్ప ఏమీ రాయలేదు. మా స్నేహలత మేడం "రోజూ నాలుగు పేజీలు చేత్తో రాయండి, ఎవరికైనా సరే" అన్నది. ఎవరికి రాయను? మీ బావ ఎదురుగానే కూర్చొని జంపఖానా నేస్తున్నాడు. ఆయనకు ఉత్తరం రాస్తే ఊరు నవ్వుతుంది.

భాషాశాస్త్రమంటే ఏదో ఒక భాష నేర్చుకోవడం కాదట. మనుషులు ఎట్లా మాట్లాడుకుంటారో, మగ్గం విప్పి చూసినట్టు విప్పి చూడడమట. నాకది కొత్తగా అనిపించలేదు. హనుమకొండ నుంచి ఏటూరునాగారం పోయే బస్సులో ములుగు దాటితే ఒక యాస, పస్రా దాటితే ఇంకొకటి. తాడ్వాయి అడవిలో ఎక్కే కోయవాళ్ల మాట పూర్తిగా వేరు. టికెట్ కొట్టి చిల్లర ఇచ్చి ముందుకు పోవలసినదాన్ని, సీటు పట్టుకొని వింటూ నిలబడేదాన్ని. మల్లక్క అని ఒక కోయ ముసలమ్మ, ఎక్కినప్పుడల్లా నాకో మాట నేర్పేది. నేను తప్పు పలికితే బస్సంతా వినేలా నవ్వేది. ఆ నవ్వుకు రోషమొచ్చే ఇక్కడిదాకా వచ్చాననుకో.

నీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. కాగితమూ ధైర్యమూ ఒక్కసారే అయిపోయాయి.

నీ చెల్లె,
అనసూర్య

భివండీ,
27 సెప్టెంబరు 2024.

ఎం.ఏ. అనసూర్యకు అన్న నర్సింగం ఆశీస్సులు. బావను అడిగానని చెప్పు.

నువ్వు రాసినట్టే అయింది. పది గదులవాళ్లే కాదు, కింద కిరాణా షాపాయన కూడా వచ్చాడు. మీ వదిన విజయలక్ష్మి ఉత్తరం చేతిలోకి తీసుకొని "చదువకముందే ఏడుద్దామా, చదివినంక ఏడుద్దామా?" అని అడిగింది. చదివాక ఇద్దరం నవ్వాం. ఆమె మోకాళ్లు బాగానే ఉన్నాయి, నా మీదికి లేచినప్పుడు అసలే నొప్పి లేదు.

షెడ్డులో అందరికీ చెప్పాను. "మా చెల్లె కండక్టర్ డ్యూటీ చేసుకుంటనే డిగ్రీ చదివింది, ఇగ డ్యూటీ చేసుకుంటనే ఎం.ఏ. చదువుతాంది" అని. సేటుకు కూడా చెప్పాను. "కండక్టర్‌కు ఎం.ఏ. ఎందుకు?" అన్నాడు. "నీకు నాలుగు షెడ్లెందుకు?" అన్నాను. నవ్వాడులే.

అనసూర్యా, బాపు బస్సు స్టీరింగ్ పట్టుకొనే బతికాడు, డ్యూటీలోనే పోయాడు. ఆయన బదులు డిపోవాళ్లు ఇచ్చిన కండక్టర్ కొలువు పెద్దవాడిగా నాకు రావలసింది. "చెల్లెకే ఇయ్యిండ్రి, ఆడివిల్ల తన కాళ్ల మీద తాను నిలబడ్తది" అని పెద్దమనుషుల ముందు సంతకం పెట్టి నేను ఇక్కడికి రైలెక్కాను. ఇప్పుడు చూడు, ఆ కొలువు నిన్ను యూనివర్సిటీ దాకా తెచ్చింది. సాంచాల ముందు నిలబడి కాళ్లు లాగితే ఈ సంగతే తలుచుకుంటాను, నొప్పి తెలియదు. గొప్ప కోసం చెప్పడం లేదు. చెప్పుకున్నా తప్పు లేదనుకో.

నీ అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. ఇంకా రాయి. ఆ చెప్పాలన్న సంగతేమిటో కూడా రాయి. డ్యూటీ మాత్రం ఒక్క రోజు కూడా పోగొట్టుకోకు.

అన్న
నర్సింగం

కొత్తవాడ,
20 అక్టోబరు 2024.

భివండీలో నా గొప్పలు చెప్పుకుంటున్న అన్నకు,

సద్దుల బతుకమ్మ బాగా జరిగింది. సుహాసిని హైదరాబాదు నుంచి వచ్చి, మా క్లాసువాళ్లను చూసి, "అమ్మా, నీ దోస్తులందరు నాకంటె చిన్నోళ్లే" అని ఒకటే నవ్వు. నిజమే. ఇరవై ఆరుగురిలో ఇరవై అయిదుగురు నన్ను ఆంటీ అంటారు, ఇరవై ఆరోదాన్ని నేనే.

మొదటి రోజు తలుపు పక్కన కూర్చున్నాను. అలవాటు పోదు కదా, మేడం వచ్చేలోపల తలలు లెక్కపెట్టేశాను. ఆమె హాజరు పుస్తకం తీస్తుంటే "ఇరవై నాలుగు మేడం, ఇద్దరు ఇంకా ఎక్కలేదు" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఇప్పుడు ఆమె హాజరు పిలవడం మానేసి నన్నే అడుగుతుంది. ఆమెకు ముప్పై నాలుగేళ్లు. నన్ను "అనసూర్య గారూ" అంటుంది. ఇన్నేళ్లు "ఓ కండక్టరమ్మా, ఆపు" అని విన్నదాన్ని, మొదట్లో వెనక ఎవరో ఉన్నారేమోనని తిరిగి చూసేదాన్ని.

మొన్న అందరికీ చిన్న అద్దాలిచ్చి, ఒక్కో అక్షరం పలికేటప్పుడు నాలుక ఎక్కడ తగులుతుందో చూసుకోమంది. అందరం నోళ్లు తెరుచుకొని అద్దాల్లో చూసుకుంటుంటే, అటెండరు గుమ్మంలో ఆగి "పండ్ల దవాఖాన ఎప్పుడు వెట్టిండ్రు మేడం?" అని అడిగాడు. దీప అనే పిల్ల నవ్వీ నవ్వీ బల్ల కిందికి జారిపోయింది. అన్నా, నేను ఇంతగా ఎప్పుడు నవ్వానో గుర్తు లేదు.

డ్యూటీ గురించి రాశావు. డిపోలో అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను.

మన చిన్నాయన కొడుకు కృష్ణమోహన్ వచ్చే నెల దోస్తు పెళ్లికని భివండీ వస్తున్నాడు. వాడితో సకినాలు, వదినకు కరివేపాకు పొడి పంపిస్తున్నాను. వాడు దారిలో తినేస్తే నాకు రాయి.

నీ చెల్లె
అనసూర్య

భివండీ,
18 నవంబరు 2024.

తల్లీ అనసూర్యా,

సకినాలు సగం అందాయి. వాటి సంగతి తర్వాత.

కృష్ణమోహన్ అంతా చెప్పాడు. "అక్కను పట్టపగలు యూనివర్సిటీ క్యాంటీన్ల జూసిన, ఒంటి మీద ఖాకీ లేదు. ఏటూరునాగారం బస్సుల ఎవరో కొత్తామె ఉన్నది. అడిగితె, అనసూర్యక్క జులై నుంచి డ్యూటీకి వస్తలేదు అన్నది" అని. నేను నమ్మలేదు. లోపలికి పోయి నీ పాత ఉత్తరం తీసి చదివాను. "డిపోలో అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను" అని రాశావు. రోజూ పోయే చోటు గురించి ఎవరైనా అట్లా రాస్తారా?

నిన్ను సస్పెండ్ చేశారు కదా? నువ్వు చెప్పాలన్న సంగతి ఇదే కదా? ఇంట్లో కూర్చోలేక, పొద్దుపోక యూనివర్సిటీకి పోతున్నావు. పిచ్చిదానా, నీ అన్నకు చెప్పడానికి భయమెందుకు? నువ్వు తప్పు చేయవు. ఎవరో గిట్టనివాళ్లు ఏదో పెట్టి ఉంటారు. యూనియన్‌వాళ్లను కలువు. బాపు పేరు చెప్పు, పాతవాళ్లు ఇంకా ఉంటారు. నేను రైలు టికెట్ చూస్తున్నాను. డిపో మేనేజర్ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. నాకు అలవాటు లేదు, ఇప్పుడు నేర్చుకుంటాను.

మీ వదిన కొమురెల్లి మల్లన్నకు మొక్కుకుంది. అన్నం తిను.

అన్న
నర్సింగం

కొత్తవాడ,
26 నవంబరు 2024.

అన్నా,

టికెట్ తీయకు. వదినతో మొక్కు అయితే అట్లనే ఉంచమను, ఎందుకైనా పనికొస్తుంది.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేనే సెలవు పెట్టాను. ఏడాది, జీతం లేకుండా. వచ్చే జూన్ ముప్పైతో ఆ సెలవు అయిపోతుంది. జూలై ఒకటిన నేను డ్యూటీ ఎక్కాలి, లేకపోతే రాజీనామా ఇవ్వాలి. చదువేమో రెండేళ్లది. రెండో ఏడాదికి సెలవు దొరకదు.

నాకు రాజీనామా ఇవ్వాలని ఉంది.

చదువు అయ్యాక కోయ పిల్లలకు వాళ్ల మాటలోనే మొదటి పుస్తకాలు తయారుచేసే పని ఉంటుందని మేడం చెప్పింది. ఆ పని చేయాలని ఉంది. పొద్దున లేస్తూనే ఆ రోజు ఏం నేర్పుతారోనని ఉరకాలనిపిస్తోంది. బస్సు పనిని చెడ్డదని అనను, అది నాకు అన్నం పెట్టింది, నన్ను నలుగురిలో నిలబెట్టింది. అయినా ఇది వేరు.

ఆ కొలువు నా సొంతానికి వచ్చినదైతే నీకు మొదటి రోజే చెప్పేదాన్ని. నువ్వు వదులుకొని నాకిచ్చినది. దాన్ని వదిలేస్తానని నీ మొహం చూసి చెప్పలేక, ఉత్తరంలోనైనా చెప్పలేక, డిపో క్షేమసమాచారాలు రాశాను. తప్పు నాది. నువ్వు సరేనంటేనే రాజీనామా ఇస్తాను. వద్దంటే ఇవ్వను. ఒట్టు.

నీ
అనసూర్య

భివండీ,
9 డిసెంబరు 2024.

అనసూర్యకు,

ఉత్తరం అందింది.

నీ ఇష్టమని రాద్దామని కూర్చున్నాను, చెయ్యి రాలేదు. నేను నీకు ఇచ్చింది చీర కాదు, కట్టబుద్ధి కాక పెట్టెలో పెట్టుకోవడానికి. అది బాపు కొలువు. ఈ మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్నాను. "ఎందుకు వచ్చినవ్ నర్సింగం ఇంత దూరం?" అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒక్కటే జవాబు ఉండేది. నువ్వు దాన్ని కూడా తీసుకుపోతానంటున్నావు.

మీ వదిన ఏమైందని అడిగింది. షెడ్డులో చెప్పుకునేటట్టు చేత్తోనే చెప్పాను, పోగు తెగిందని. ఆమెకు అర్థమైంది. ఆ రోజు మా ఇంట్లో మాటలు లేవు, చేతులే.

సరే అని నేను అనను. షెడ్డులోవాళ్లకు ఏం చెప్పుకోవాలో నువ్వే రాసి పంపు.

నర్సింగం

కొత్తవాడ,
3 మార్చి 2025.

పలకని అన్నకు, పలికించని వదినకు,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఇది మూడోది. దీనికీ రాయకపోతే నాలుగోది రాస్తాను. నా చేతికి ఇప్పుడు బాగా అలవాటైంది. మొదటి సెమిస్టర్‌లో క్లాసు మొత్తంలో రెండోదాన్ని. మొదటిది దీప. ఆ పిల్ల "ఆంటీ, వచ్చేసారి మీదే" అని నన్ను ఓదార్చింది. మీ బావ వీధిలో ఎవరు కనబడినా ఆపి చెబుతున్నాడు. ఆయనకు నీ గాలి సోకింది.

ఒక పని మీద రాస్తున్నాను. కోపం పక్కన పెట్టి చదువు. మాకు ప్రాజెక్టు ఉంటుంది, ఎక్కడికైనా పోయి ఎవరి భాషనైనా రాసుకొని రావాలి. నేను కోయ అనుకున్నాను. ఇంతలో ఒకరోజు మేడం ముందు కూర్చొని, నీ డిసెంబరు ఉత్తరం తలుచుకొని ఏడ్చాను. ఆమె చూడొచ్చా అని అడిగి చదివింది. ఓదార్చుతుందనుకుంటే, "ఆ చేతులు ఏమిటి? ఇంకా ఏమేం చెప్పుకుంటారు?" అని నా మీద పడింది.

నేనెప్పుడూ ఆలోచించలేదన్నా. మీ షెడ్డులో మనవాళ్లు, ఉత్తరప్రదేశ్ వాళ్లు, ఒడిశా వాళ్లు, మరాఠీ వాళ్లు. ఒకరి మాట ఒకరికి రాదు. వచ్చినా మోతలో వినబడదు. మరి రోజంతా పని ఎట్లా నడుస్తోంది? చేతులతో. మేడం "ఇదీ భాషే అనసూర్య గారూ, దీన్నే రాయండి" అన్నది.

నిన్ను అడిగితే పలకవు. అందుకని కృష్ణమోహన్‌ను అడిగాను, వాడు అక్కడ రెండేళ్లు పనిచేశాడు కదా. వాడు చెప్పినవి ఇవి. నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటే పోగు తెగినట్టు. పిడికిలి మెలితిప్పితే సేటు వస్తున్నట్టు. చెవి పట్టుకుంటే టీ. ఇవే సరైనవని ఏప్రిల్ పదిన మేడంకు ఇచ్చేస్తాను.

నీ చెల్లె
అనసూర్య

భివండీ,
14 మార్చి 2025.

అనసూర్యా,

ఇవ్వకు! ఆ కాగితం అక్కడే ఆపు.

కృష్ణమోహన్ మాటలు పట్టుకొని యూనివర్సిటీకి పోతావా? వాడు మా షెడ్డులో ఉన్నది రెండేళ్లు, అందులో ఏడాదిన్నర టీ తాగాడు. అందుకే వాడికి అన్నీ టీ లాగే కనబడ్డాయి. చెవి పట్టుకుంటే టీ కాదు, "నా సాంచాలు కూడా కాసేపు చూడు" అని. పిడికిలి మెలితిప్పితే పోగు తెగినట్టు. మెల్లగా తిప్పితే ఒక్క పోగు, గట్టిగా తిప్పి కిందికి గుంజితే మొత్తం పోయినట్టు. నెత్తి మీద చెయ్యి పెడితేనే సేటు. పాత సేటు టోపీ పెట్టుకునేవాడు. ఇప్పుడున్న ఆయన కొడుకుకు టోపీ లేదు, జుట్టు కూడా లేదు, అయినా మా చెయ్యి నెత్తి మీదికే పోతుంది. వీటిని మొదట పుట్టించినవాళ్లు ఎవరో తెలియదు. నేను వచ్చిన మొదటి వారం, మూడో సాంచె దగ్గర ఒడిశా ఆయన నాకు నేర్పాడు. ఆయన పేరు తెలుసుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది, పని మాత్రం మొదటి రోజే తెలిసింది.

ఇప్పుడు కూర్చొని ఆలోచిస్తే నిజమే, ఇందులో అన్నీ ఉన్నాయి. వేళాకోళం ఉంది. అలిగేది ఉంది. తిట్లున్నాయి, అవి నీకు రాయను, మీ మేడం అడిగినా రాయను. మీ వదినకు కూడా అంతా వచ్చు. మేం చేతులతోనే కొట్లాడుకుంటాం. ఒక్కనాడూ అరుపు వినబడలేదని చాల్‌లో మమ్మల్ని అన్యోన్య దంపతులంటారు.

ఇదంతా కాగితం మీద రాసేది కాదు, కళ్లతో చూడాలి. మే నెలలో వచ్చి చూసి రాసుకో. కొలువు సంగతి నేనెత్తను, నువ్వూ ఎత్తకు. కోపం కోపమే, పని పనే. తప్పులు మాత్రం పోవద్దు.

నర్సింగం

కొత్తవాడ,
30 మే 2025.

మా షెడ్డు సారుకు,

క్షేమంగా చేరాను. వదిన కట్టిచ్చిన రొట్టెలు షోలాపూర్‌లోనే అయిపోయాయి.

ఆ పది రోజులు నాకు ఎప్పటికీ గుర్తుంటాయి. మొదటి రోజు ఎవరూ నా ఫోను ముందుకు రాలేదు, మూడో రోజుకు వరసలో నిలబడ్డారు. ఉత్తరప్రదేశ్ ఆయనా ఒడిశా ఆయనా "ఇది మా వైపు నుంచి వచ్చింది" అని వాదించుకున్నారు, అదీ చేతులతోనే! సేటు కుర్చీలు వేయించాడు. నువ్వు షెడ్డు నడుమ నిలబడి చేతులు ఆడిస్తుంటే అందరూ నీ వైపే చూస్తున్నారు. నిన్ను నేను అట్లా ఎన్నడూ చూడలేదన్నా. మా అన్నకు ఇంత వచ్చా అనుకున్నాను. నిన్న క్లాసులో ఆ వీడియో చూపించాను. అయిపోయాక మేడం "నర్సింగం గారిని ఒకసారి పిలవాలి" అన్నది.

వదిననూ నన్నూ ముంబాదేవి గుడికి బస్సెక్కించి, షిఫ్టుందని నువ్వు ఆగిపోయావు. అదొక్కటే లోటు.

ఇక అసలు మాట. పది రోజులూ నువ్వు కొలువు సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సరే అని నువ్వు అనలేదు. నేను ఒట్టు వేశాను. జూలై ఒకటిన డ్యూటీ ఎక్కుతాను. ఈ ప్రాజెక్టు ఇచ్చేసి చదువు ఇక్కడితో ఆపుతాను. బాధ లేదంటే అబద్ధం. నిన్న మేడంకు చెప్పి వచ్చాను. కానీ ఆ మోతలో ఒక్క గంట నిలబడితేనే నా తల పగిలిపోయింది. నువ్వు ఇన్నేళ్లు నిలబడ్డావు, నా కోసం. దాని ముందు నా ఎం.ఏ. ఎంత?

ప్రాజెక్టు పేజీలు జెరాక్స్ తీసి పంపుతున్నాను. మొదటి పేజీలో నీ వివరాలున్నాయి. పేరు, వయసు, ఊరు. "ఈ వృత్తిలోకి ఎలా వచ్చారు?" అన్న చోట నువ్వు చెప్పిందే రాశాను: "తండ్రి మరణం తర్వాత తనకు రావలసిన ఉద్యోగాన్ని చెల్లెలికి వదిలిపెట్టి, బతుకుదెరువు కోసం భివండీ వచ్చారు." దీన్ని పుస్తకంగా కుట్టి యూనివర్సిటీ గ్రంథాలయంలో పెడతారు. తప్పులుంటే జూన్ ఇరవై లోపల రాయి.

నీ చెల్లె
అనసూర్య

భివండీ,
10 జూన్ 2025.

చెల్లె అనసూర్యకు,

పేజీలన్నీ చూశాను. చేతులను అక్షరాల్లో బాగా పట్టుకున్నావు. ఒక్క తప్పు ఉంది, అది మొదటి పేజీలో ఉంది. నాలుగు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకొని తిరిగాను. "ఈ వృత్తిలోకి ఎలా వచ్చారు" అన్న చోట నువ్వు రాసింది నేను చెప్పిందే. నేను చెప్పింది నిజం కాదు.

నాకు బస్సు పడదు.

పదేళ్లప్పుడు బాపు నన్ను తన బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టుకొని వర్ధన్నపేట తీసుకుపోయాడు. మామునూరు దాటకముందే బాపు ఖాకీ ప్యాంటు మీద కక్కాను. తర్వాత రెండుసార్లు తీసుకుపోయాడు, రెండుసార్లూ అంతే. డ్రైవర్ కొడుక్కు బస్సు పడదంటే డిపోలో నవ్వుతారని, ఎవరికీ చెప్పొద్దన్నాడు. అమ్మకు కూడా తెలియదు. ఆమెతో చింతకాయలు తిని కక్కానని చెప్పాడు.

బాపు పోయాక కొలువుకు రమ్మని డిపో నుంచి కబురొచ్చింది. కండక్టర్ కొలువు. పొద్దున ఎక్కితే సాయంత్రం దిగడం, అట్లా ముప్పై అయిదేళ్లు. తలుచుకుంటేనే కడుపులో తిప్పింది. చెప్పుకుంటే సిగ్గు. పెద్దమనుషులు కూర్చున్నప్పుడు "చెల్లెకే ఇయ్యిండ్రి" అన్నాను. అమ్మ నన్ను పట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, బతికిపోయానురా దేవుడా అని. ఊరంతా "అన్నంటె నర్సింగం" అన్నది. ఆ మాట బాగుంది, ఉంచుకున్నాను.

ఇక్కడికి వచ్చాక మొదటి నాలుగేళ్లు చాలా కష్టపడ్డాను అనసూర్యా. అప్పుడు ఆ మాటే పట్టుకొని నిలబడ్డాను. చెప్పగా చెప్పగా నాకే నిజమైపోయింది. నువ్వు కొలువు వదులుతానంటే కోపమొచ్చింది బాపు కోసం కాదు. ఆ కొలువే లేకపోతే నా గొప్ప ఎక్కడ నిలబడుతుందని భయమేసింది. ఇంట్లో చెప్పుకున్న అబద్ధం ఇంట్లోనే పోతుంది. నా చేతుల గురించి అంత నిజంగా రాసిన పుస్తకంలో ఈ మాట ఉండకూడదు. నీ పుస్తకంలో తప్పులు పోవద్దని నేనే అన్నాను కదా.

అది నేను ఇచ్చిన కొలువు కాదు, నేను తప్పించుకున్న కొలువు. చేసింది నువ్వు. ఉంచుకుంటావో వదులుతావో నన్ను అడిగే పని లేదు. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను, వదిలెయ్. షెడ్డులో పుస్తకం పట్టుకొని నిలబడ్డప్పుడు నీ మొహం చూశాను. బస్సులో నీ మొహం ఎట్లా ఉండేదో నాకు తెలియదు. ఒక్కనాడూ నీ బస్సెక్కలేదు కదా.

మీ వదినకు ఈ రోజే చెప్పాను. చేత్తో కాదు, నోటితో. ఆమె ఇప్పటిదాకా నవ్వుతూనే ఉంది. నువ్వు మాత్రం తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ అన్న
నర్సింగం

కొత్తవాడ,
27 జూన్ 2025.

ఒట్టి దొంగ అన్నా,

నీ ఉత్తరం నిలబడి చదివాను, "బస్సు పడదు" దగ్గర కూలబడ్డాను. నా నవ్వుకు మీ బావ మగ్గం ఆపి "ఏమైందే, పిచ్చి లేసిందా?" అన్నాడు. చదివి వినిపించాను. ఆయన "ఇరువై మూడేండ్లు మీ అన్న ముందర కుర్చీల కూసోవాల్నంటె జంకిన గదనే" అన్నాడు.

తర్వాత ఏడ్చాను కూడా. జ్వరమొచ్చినా, జాతర రద్దీలో ఊపిరాడకపోయినా, ఈ కొలువు బాగాలేదని ఒక్కనాడూ అనుకోలేదు. అనుకుంటే నీకు ద్రోహం చేసినట్టు ఉండేది. ఆ బరువు దిగేసరికి ఏడుపొచ్చింది. నీ మీద కోపం వస్తుందేమోనని వారం రోజులు చూశాను, రాలేదు. నువ్వు భయపడి తప్పించుకున్నావు, నాకు బతుకు దొరికింది. ఇక్కడ నష్టపోయిందెవరన్నా? నీ చెవులు తప్ప. వాటికి మాత్రం బాధగా ఉంది, అది ఎప్పటికీ ఉంటుంది.

ఈ రోజు పొద్దున రాజీనామా ఇచ్చాను. నాతో తొమ్మిదేళ్లు డ్యూటీ చేసిన డ్రైవర్ మొగిలి గేటు దాకా వచ్చి, "అక్కా, ఇగ ఎప్పటికి బస్సుల నన్ను తిట్టేటోళ్లు లేరు" అని కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. బయటికి వచ్చి నేరుగా క్లాసుకు పోయాను.

మొదటి పేజీ మార్చాను. ఇప్పుడు అక్కడ ఇట్లా ఉంది: "బస్సు ప్రయాణం పడనందున మగ్గాల పనిలోకి వచ్చారు. చేతిమాటలో షెడ్డు మొత్తంలో ఈయనను మించినవారు లేరు." రెండో వాక్యానికి రుజువేమిటని మేడం అడిగింది. రాఖీ పున్నానికి ఆయనే వచ్చి క్లాసులో చూపిస్తారని చెప్పాను. ఇరవై అయిదుగురు పిల్లలు నీ కోసం ఎదురుచూస్తున్నారు. ఈసారి తప్పించుకోవడానికి లేదు.

పొద్దున బండికి కాజీపేటలో దిగు. నేను స్టేషన్‌కు వస్తాను. అక్కడి నుంచి యూనివర్సిటీకి ప్రతి పది నిమిషాలకు బస్సుంది, మనం మాత్రం నడిచే పోదాం.

నీ చెల్లె,
విద్యార్థిని
అనసూర్య